రెండెకరాల ఐదు సెంట్లు

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న కన్సల్టెన్సీ ఆఫీసులో చాలా ఏళ్లుగా మ్యాపులు గీస్తున్నాను. లేఅవుట్లు, కాలవ గట్లు, రొయ్యల చెరువులు, చెరకు పొలాలు, ఏది వస్తే అది. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ మా ఆఫీసులో ఒకే ఒక్క కంప్యూటర్లో ఉండేది. దాని ముందు ఇంజనీరు గారు కూర్చునేవారు. మిగతావాళ్లం ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చేవాళ్లం. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ విప్పి చూసుకోవచ్చు, తమకు కావలసిన పనిముట్టు రాసి దానికి తగిలించుకోవచ్చు. అలా తగిలించే చిన్న ప్రోగ్రామునే ప్లగిన్ అంటారు.

నేను రాసిన ప్లగిన్ చేసే పని ఒకటే. ఆ సాఫ్ట్‌వేర్ పొలం విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలో చూపిస్తుంది. మా దగ్గరికి వచ్చే రైతుకు చదరపు మీటర్లు ఏం చేసుకోవడానికి? ఎకరాలు, సెంట్లు కావాలి. అదీ తెలుగులో, పొలం బొమ్మ మధ్యలో రాసి ఉండాలి. రోజూ కాలిక్యులేటర్ నొక్కి చేత్తో రాయలేక, కంప్యూటర్ భాష కొంచెం నేర్చుకుని నా కోసం రాసుకున్నాను. పనికొస్తుందని ఆఫీసులో నలుగురూ అన్నారు. ప్లగిన్లన్నీ ఒకచోట ఉంచే సైట్ ఒకటి ఉంది, అందులో పెట్టాను. పెట్టినరోజు సంతోషంగానే ఉంది. ఆ తర్వాత సంతోషం కంటే చాకిరీయే ఎక్కువగా గుర్తుంది.

విడుదల అంటే మా ఆయన ఏదో పుస్తకావిష్కరణ లాంటిదనుకునేవారు. చేసేది మాత్రం గుమాస్తా పని. కోడ్ మార్చాలి, వెర్షన్ అంకె ఒకటి పెంచాలి, ఏం మార్చామో నాలుగు ముక్కలు రాయాలి, ఫైళ్లన్నీ మూటగట్టి సైట్‌కి ఎక్కించాలి. అవతల ఇంకెవరో, వాళ్లూ జీతంలేని మనుషులే, చూసి సరేనంటారు. అప్పుడు వాడేవాళ్ల కంప్యూటర్లో "కొత్త వెర్షన్ వచ్చింది" అని ఒక వాక్యం కనిపిస్తుంది. వాళ్లు దాన్ని నొక్కితే నొక్కుతారు, లేకపోతే లేదు. ప్రధాన సాఫ్ట్‌వేర్ మారిన ప్రతిసారీ నా ప్లగిన్ ఏదో ఒకచోట విరిగేది. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం వండి, దాన్ని అతికించుకుంటూ కూర్చునేదాన్ని. "వెంటనే సరిచేయగలరు" అని ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసేవారు. బాగుందని రాసినవాళ్లు ఒకరో ఇద్దరో.

ఆ ఒకరిద్దరిలో మొదటివారు వన్‌టౌన్‌లో ఉండే ఒక సర్వేయర్ గారు. ప్రభుత్వ సర్వేశాఖలో పొలాలు కొలిచే గొలుసు లాగే పనిలో చేరి, మెట్టుమెట్టుగా సర్వేయరై, రిటైరయ్యాక సొంతంగా పొలాలు కొలుస్తున్నారు. కంప్యూటర్ వాళ్ల కోడలు నేర్పిందట. ఆవిడ ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరు. మామగారి పాత మ్యాపులు చూసి విసిగి, ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వెతికి వెతికి నా ప్లగిన్ పట్టుకుంది. ఊరు విజయవాడ అని పేజీలో చూసి ఆయన నా నంబరు సంపాదించి ఫోన్ చేశారు.

"అమ్మా, సెంట్లు తెలుగులో రాసేది నువ్వేనా?" అన్నారు.

"నేనేనండి. ఏమైనా ఇబ్బందా?" అన్నాను, అలవాటుగా.

"ఇబ్బందేం లేదమ్మా. బాగుందని చెప్దామని చేశా."

అప్పటినుంచి ఆయన్ని భాయ్ గారూ అని పిలవడం మొదలుపెట్టాను. ఆయన నా ప్లగిన్ని నాకంటే ఎక్కువ దూరం మోశారు. తోట్లవల్లూరు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, అవనిగడ్డ, ఎక్కడికి కొలతకు వెళ్లినా అక్కడి ప్రైవేటు సర్వేయర్లకు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేవారు. పల్లెల్లో నెట్ సరిగా రాదు, వచ్చినా సైట్‌కి వెళ్లి వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. ఆయన ఇచ్చింది వాళ్లు ఇంకొకరికి ఇచ్చేవారు. ఫోన్ గ్రూపుల్లో ఫైలు తిరిగేది. సైట్ నాకు చూపించే డౌన్‌లోడ్ల లెక్కలో వీళ్లెవరూ ఉండేవారు కాదు.

కొంతకాలానికి ఒక కోరిక పదేపదే రావడం మొదలైంది. "రెండు ఎకరాల పన్నెండు సెంట్లు" అని పూర్తిగా రాస్తే చిన్న మడుల్లో అక్షరాలు పట్టడం లేదు, పొట్టిగా 2.12 అని రాసే ఏర్పాటు పెట్టండి అని. న్యాయమైన కోరికే. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఆ మార్పు చేశాను. ఎకరాల అంకె, ఒక చుక్క, సెంట్ల అంకె, మూడూ కలిపి రాయమన్నాను. ఆఫీసులో ఉన్న మూడు నాలుగు పొలాల మీద వేసి చూశాను. పన్నెండు సెంట్లు, నలభై ఐదు సెంట్లు, డెబ్బై ఎనిమిది సెంట్లు, అన్నీ సరిగ్గా వచ్చాయి. సాయంత్రం బంధువుల పెళ్లికి వెళ్లాలి. ఆలస్యమెందుకని అప్పుడే విడుదల చేసి, చేతులు కడుక్కుని డబ్బా మూశాను.

పది కంటే తక్కువ సెంట్లున్న పొలం ఒక్కటైనా వేసి చూడాల్సింది. చూడలేదు. ఐదు సెంట్లుంటే ముందు సున్నా రావాలి కదా, రెండెకరాల ఐదు సెంట్లు అంటే 2.05. నా ప్లగిన్ 2.5 అని రాసింది. అలా చూస్తే ఎవరైనా రెండున్నర ఎకరాలనే చదువుకుంటారు.

పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. ఆ వెర్షన్ నెలకు పైగా బయట తిరిగింది. భాయ్ గారు దాన్ని తెచ్చుకుని, ఎప్పటిలాగే నలుగురికీ పంచారు.

చలికాలంలో, చెరకు నరుకుతున్న రోజుల్లో, ఒక పూట పదకొండింటికి ఆయన ఫోన్ వచ్చింది. వెనకాల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు.

"అమ్మా, ఆఫీసులో ఉన్నావా? ఒక్కసారి చూసి చెప్పు. రెండెకరాల ఐదు సెంట్లుంటే నీ ప్లగిన్ పొట్టిగా ఏమని రాస్తదీ?"

వేసి చూశాను. తెర మీద 2.5 అని వచ్చింది.

"భాయ్ గారూ, తప్పు పడుతోందండి. సున్నా పోయింది."

ఆయన మెల్లగా, "నేను లంచం తిన్నానంటున్నారమ్మా ఇక్కడ," అన్నారు. "ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరూ అనలేదు నన్ను ఆ మాట."

సంగతి ఆయన చెప్పగా అర్థమైంది. ఉయ్యూరు దాటాక ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు నాలుగెకరాల నలభై ఐదు సెంట్ల చెరకు పొలం పంచుకున్నారు. రోడ్డు వైపు ముక్క అన్నకు, రోడ్డు వైపు కాబట్టి కొంచెం తక్కువ, రెండెకరాల ఐదు సెంట్లు. లోపలి ముక్క తమ్ముడికి, రెండెకరాల నలభై సెంట్లు. ఇద్దరూ ఒప్పుకున్నారు. భాయ్ గారు కొలిచి, గట్టు గుర్తులు పెట్టి, నోటితో సరిగ్గానే చెప్పి, మ్యాపు ప్రింటు తీయించి చెరొక కాగితం ఇచ్చారు. కాగితం ఆయన చదవలేదు. చదవాల్సిన అవసరం ఉందని అనుకోలేదు. తమ్ముడు ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకుంటే తనది 2.40, అన్నది 2.5. రోడ్డు వైపు ముక్కా ఆయనదే, విస్తీర్ణమూ ఆయనదే ఎక్కువా అని మండిపోయాడు. గట్టు తన వైపుకి జరిపించారనీ, సర్వేయరు చెయ్యి తడిపారనీ అనుకున్నాడు. వారం రోజులు లోపల పెట్టుకుని, అన్న చెరకు నరకడానికి కూలీల ముఠా వచ్చిన రోజున బయటపడ్డాడు. రోడ్డు వెంట కాలవ అడ్డం, అందుకని చెరకు ఎక్కించుకునే ట్రాక్టరు తమ్ముడి చేను పక్క బాటలోంచే రావాలి. అతను బాటకు అడ్డంగా బండి పెట్టేశాడు. నరికిన చెరకు ఎండలో పడి ఉంది. ఇద్దరి ఇళ్ల ఆడవాళ్లూ రోడ్డుమీదికొచ్చి అనరాని మాటలు అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం తప్పు సరిచేయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. కోడ్‌లో ఒక్క చోట చిన్న మార్పు. ఈసారి ఒక సెంటు నుంచి తొంభై తొమ్మిది దాకా అన్నీ వేసి చూశాను. సైట్‌కి ఎక్కించాను. అవతల చూసి సరేననే మనిషికి అది సెలవురోజు కాబోలు, మర్నాటి సాయంత్రం దాకా అది అలాగే ఆగి ఉంది. తప్పుడు వెర్షన్‌ని సైట్ నుంచి తీసేశాను. తీసేస్తే కొత్తవాళ్లకు దొరకదు, అంతే. పెన్‌డ్రైవ్‌లలో, ఫోన్లలో, నెట్ లేని పాత ల్యాప్‌టాప్‌లలో ఉన్నది అలాగే ఉంటుంది. అక్కడికి వెళ్లి తీసే దారి నాకు లేదు. ఇన్నాళ్లూ పంపడమే తప్ప వెనక్కి తెచ్చుకోవడం గురించి ఎప్పుడూ ఆలోచించలేదని అప్పుడు తట్టింది.

మర్నాడు సెలవు పెట్టి ఉయ్యూరు బస్సెక్కాను. భాయ్ గారు బస్టాండు దగ్గర స్కూటర్‌తో నిలబడి ఉన్నారు.

"నువ్వు రానక్కర్లేదని చెప్పాను కదమ్మా," అన్నారు.

"మీరు చెబితే నమ్మరండి. తప్పు చేసినదాన్ని నేనే చెప్పాలి."

పొలం దగ్గర అన్నదమ్ములిద్దరూ బాటకు చెరోవైపు నిలబడ్డారు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి, ఒకే ముక్కు, ఒకే నుదురు. భాయ్ గారు మళ్లీ కొలుస్తానని టేపు తీశారు. తమ్ముడు టేపు చివర తానే పట్టుకుంటానన్నాడు. పట్టుకోమన్నారు. నాలుగు వైపులా తిరిగి, ప్రతి కొలతా అతని చేతనే పైకి చదివించి, కాగితం మీద లెక్క కట్టి చూపించారు. రెండెకరాల ఐదు సెంట్లు. అప్పుడు నేను ల్యాప్‌టాప్ తెరిచి పాత వెర్షన్ ఏం రాసిందో, సరిచేసింది ఏం రాస్తుందో పక్కపక్కన పెట్టి చూపించి, "సాయిబు గారి తప్పు కాదండి. ఇది రాసింది నేను. సున్నా వేయించడం మర్చిపోయాను," అన్నాను.

తమ్ముడు తెర మీద రెండు అంకెల మీదా వేలు పెట్టి చూశాడు.

"అంటే గట్టు జరగలా?"

"జరగలేదండి."

"ఒక్క సున్నాకి మా అన్నని, వదిన్ని అన్ని మాటలు అనిపించావా తల్లీ," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే తట్టుకోవడం కష్టమైంది.

భాయ్ గారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "సాయిబు గారూ, నోరు జారాను. మనసులో పెట్టుకోకండి." ఆయన అతని చేతులు పట్టుకుని దించేశారు. బండి పక్కకు తీయించారు. ట్రాక్టరు కదిలింది. అన్న మాత్రం తమ్ముడితో మాట్లాడలేదు, మా వైపూ చూడలేదు. చెరకు ఎక్కించేవాళ్లతోనే వెళ్లిపోయాడు. "కాగితం మీద సున్నా పెట్టేశారు బానే ఉంది," అని ఆయన భార్య మాత్రం నాతో అంది, "మా తోటికోడలు నన్నన్న మాటలు ఏం పెట్టి తుడవమంటారు?" ఆ ఇళ్ల మధ్య ఇప్పటికీ మాటలు అంతంతమాత్రమేనని భాయ్ గారు చెబుతుంటారు.

తిరిగి వస్తూ ఉయ్యూరులో టీ తాగాం. ఎవరెవరికి ఇచ్చారో గుర్తు చేసుకోమన్నాను. ఆయన ఊరు ఊరుగా చెప్పుకుంటూ వచ్చారు. ఫోన్ చేయగలిగినవాళ్లకు అక్కడినుంచే చేశారు. ఫోన్‌లో చెబితే చేయరనుకున్నవాళ్ల దగ్గరికి వరసగా మూడు ఆదివారాలు వెళ్లాం. నేను బస్సులో, ఆయన స్కూటర్ మీద. చాలామంది మర్యాదగా మార్పించుకున్నారు. ఒకాయన తను ఇచ్చిన మ్యాపుల నకళ్లన్నీ బయటికి తీసి, పది లోపు సెంట్లున్నవి ఏరి, పెన్నుతో సున్నాలు పెట్టుకుంటూ కూర్చున్నారు. ఆ మ్యాపులు తీసుకున్న రైతుల ఇళ్లకు వెళ్లి చెబుతానన్నారు. వెళ్లారు కూడా.

కూచిపూడిలో జిరాక్సు షాపు కూడా నడుపుకునే ఒక సర్వేయరు మాత్రం ఒప్పుకోలేదు.

"ఇప్పుడున్నది బాగానే నడుస్తుందండీ. కొత్తది వేస్తే ఏం పోతుందో ఎవరికి తెలుసు?"

"ఇందులో తప్పుందండి. మనుషులు కొట్టుకునే తప్పు."

"నేను పొట్టి రాత వాడనండీ. పూర్తిగానే రాయిస్తా. మీరు కంగారు పడకండి," అని టీ తెప్పించాడు.

భాయ్ గారు ఎంత చెప్పినా వినలేదు. ఆ కంప్యూటర్ అతనిది, వద్దనే హక్కు అతనిది. టీ తాగి వచ్చేశాం.

మూడో ఆదివారం ఇంటికొచ్చాక కాళ్లు పీకుతుంటే మంచం మీద కూర్చుని మెయిళ్లు చూశాను. అక్షరాల రంగు మార్చుకునే వీలు లేదని ఒకాయన, ఇంత చిన్న తప్పు చేసేవాళ్లు ప్లగిన్లు ఎందుకు రాయాలని ఇంకొకాయన. రెండో ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ కనిపించలేదు. మొత్తం తీసేద్దామనిపించింది. సైట్‌లో దానికీ ఒక మీట ఉంది. ఇక దీన్ని ఎవరూ చూడటం లేదని అందరికీ తెలిసేలా గుర్తు పెట్టి తప్పుకోవచ్చు.

నొక్కేముందు భాయ్ గారికి చెప్పాలనిపించింది. చెప్పకుండా పోవడం బాగుండదు.

"నీ ఇష్టమమ్మా," అన్నారాయన. "నువ్వు మానేస్తే మాత్రం ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నది ఉన్నట్టే ఉంటది. రేపు ఇంకో తప్పు బయటపడితే చెప్పుకోడానికి మనిషుండడు. అదొక్కటే చూసుకో."

నాకు కోపం వచ్చింది. "నేనొక్కదాన్నే ఎంతకాలం చేస్తానండీ భాయ్ గారూ? నాకు మాత్రం అలసట ఉండదా?" అన్నాను. ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు. ఆయన ఏమీ అనుకోలేదు. "ఒక్కదానివే చెయ్యమని ఎవరన్నారు? ఆదివారం ఇంటికి రా, భోజనానికి," అని పెట్టేశారు.

వన్‌టౌన్‌లో కొండ వాలున వాళ్ల ఇల్లు. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. తలుపు తీసింది కోడలు. ముప్ఫై ఐదేళ్లుంటాయేమో, చేతికి సుద్దముక్క పొడి ఇంకా ఉంది. ఆదివారం కూడా ఇంట్లో ట్యూషన్ చెబుతుందట. అన్నం పెట్టకముందే ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. నా కోడ్ మొత్తం చదివేసింది. ఎవరైనా చదువుకునేలా పెట్టిందే కదా, కానీ ఇన్నేళ్లలో చదివిన మనిషిని ఎదురుగా చూడటం అదే మొదటిసారి.

"మేడమ్, ఏమీ అనుకోనంటే ఒకటి చెబుతానండి," అంది. "మీరు ప్రతిసారీ ఏదో నాలుగు పొలాలు వేసి చూస్తున్నారు. మామగారికి కొలతలు నోటికొచ్చిన పొలాలు బోలెడున్నాయి. అవన్నీ ఒక ఫైల్లో పెట్టాను. విడుదలకు ముందు ప్రోగ్రామే వాటిని లెక్కగట్టి, ఒక్కటి తేడా వచ్చినా ఆపేస్తుంది."

చూపించింది. మూడున్నర సెంట్ల ఇంటి స్థలం, మూలలన్నీ వంకర తిరిగిన కాలవ పక్క మడి, బావి మినహాయించాల్సిన తోట. నాకెప్పుడూ తట్టని పొలాలు. భాయ్ గారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆ తోటలో బావి ఇప్పుడు పూడ్చేశారు, అయినా లెక్క కోసం ఉంచాం," అన్నారు.

"ఇదంతా ఎప్పుడు చేశారండీ?" అని అడిగాను.

"ఆ గొడవైన రోజు నుంచీ. మామగారు ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదండి. ఆయనకి ఆ ప్లగిన్ వేసిచ్చింది నేనే కదా."

తప్పు నా ఒక్కదానిదే అనుకుని తిరుగుతున్నాను ఇన్నాళ్లూ. ఆ ఇంట్లో ఇంకొకావిడ కూడా దాన్ని మోస్తోందని నాకు తెలియదు. "సారీ అమ్మా," అన్నాను. ఆవిడ నవ్వి కంచాలు పెట్టడానికి లేచింది.

భోజనమయ్యాక, సైట్‌లో నాకున్న అధికారం ఆవిడకూ ఇచ్చాను. ఇకనుంచి ఇద్దరిలో ఎవరైనా విడుదల చేయవచ్చు. ఒకరు మూటగడితే రెండోవాళ్లు చూడందే ఎక్కించకూడదని నియమం పెట్టుకున్నాం. కొత్త వెర్షన్ వస్తే భాయ్ గారు సర్వేయర్ల గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాలని, పెన్‌డ్రైవ్‌లో ఇస్తే పాతది చెరిపాకే ఇవ్వాలని అనుకున్నాం. రాసి పెట్టుకున్నంత బాగా ఇవన్నీ జరుగుతాయని నాకు నమ్మకం లేదు. కూచిపూడి ఆయన ఇంకా పాతదే వాడుతున్నాడు.

ఆ కొలతల ఫైలు కలిపి, ఆ పూటే ఆవిడ తన మొదటి విడుదల చేసింది. ఏం మార్చామో రాసే చోట నేనెప్పుడూ ఇంగ్లీషులో రెండు ముక్కలు పడేసేదాన్ని. ఆవిడ తెలుగులో, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు వివరంగా రాసింది. రాశాక నా వైపు ల్యాప్‌టాప్ తిప్పింది. చదివి, బాగుందన్నాను. ఎక్కించింది. ఇక అవతలివాళ్లు సరేననడానికి ఎంతసేపైనా పట్టవచ్చని, కూర్చుని ఎదురుచూడొద్దని చెప్పి లేచాను. భాయ్ గారు మెట్ల కింద దాకా వచ్చి బస్సెక్కించారు.

మధ్యాహ్నపు బస్సు, సగం ఖాళీ. కిటికీ పక్కన సీటు దొరికింది. నేను దిగాల్సింది పటమటలో. బెంజ్ సర్కిల్ దాకా మెలకువగా ఉన్నట్టు గుర్తు. ఆ తర్వాత ఎవరో భుజం తట్టారు.

"మేడమ్, ఆటోనగర్. లాస్ట్ స్టాపండీ," అంటున్నాడు కండక్టరు.

బస్సులో నేను తప్ప ఎవరూ లేరు. ఎన్నో ఏళ్లయింది పగటిపూట అంత గాఢంగా నిద్రపోయి. దిగి, వెనక్కి వెళ్లే బస్సు కోసం షెడ్డు నీడలో నిలబడ్డాను.